ట్రిగ్గర్ కనబడని పిస్తోలు, జమీలాకు

అమీర్‌పేటలో ఉంటున్న నేను, దివంగత దేవసహాయం భార్య జీవమణిని. వయసు డెబ్బై మూడు. మోకాళ్లు మొరాయిస్తున్నా మతి స్థిమితంగానే ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్తిగా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు నేను రాసిన కాగితం ఏదైనా బయటపడితే అది చెల్లదు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురు ఫేబీది.

1. నా రెండంతస్తుల ఇల్లు, అందులో నడుస్తున్న ఆడపిల్లల హాస్టలుతో సహా, ఫేబీకి సర్వహక్కులతో చెందాలి. కంప్యూటర్ కోర్సు మధ్యలో ఉన్న ఏ పిల్లనూ అది పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు. ఇంటర్వ్యూ పోయి ఏడుస్తూ వచ్చిన పిల్లతో ఆ రోజు అద్దె మాట ఎత్తవద్దు. నీకు తొందరెక్కువ, ఫేబీ, అందుకే రాస్తున్నాను.

2. వంటచేసే వజ్రమ్మకు పెద్ద గ్రైండరు, నా కుట్టుమిషను ఇవ్వాలి. వెనక గదిలో ఆమె బతికున్నంతకాలం ఉండవచ్చు. ఆపరేషన్ తర్వాత నేను లేచి కూర్చున్నది ఆమె చారు తాగే.

3. నా బీరువాలోని పాత పిస్తోలు పంజాగుట్టలో ఉంటున్న జమీలాకు చెందాలి. ఎందుకో మా వాళ్లందరికీ తెలియాలి.

నిజాం పాలన ముగిసిన రోజుల్లో ఇళ్లలో సోదాలు జరుగుతుండేవి. జమీలా తండ్రి అజీమ్ సాహెబ్, దర్జీ, మా మామగారు ఏసోబుకు ప్రాణస్నేహితుడు. ఆయన ఈ పిస్తోలును గుడ్డలో చుట్టి తెచ్చి, "ఏసోబన్నా, జర గిది నీ దగ్గర ఉంచు. గడ్‌బడ్ తగ్గినంక తీస్కపోత" అన్నాడట. ఆ వారంలోనే వాగు పక్కన ఒక వ్యాపారి తుపాకి గుండు తగిలి చనిపోయాడు. కాల్చిందెవరో తేలలేదు. పిస్తోలు చేతులు మారిన సంగతి ఎలాగో పొక్కింది. బస్తీ అంతా అజీమ్ సాహెబ్ పేరే చెప్పుకుంది.

మామగారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అజీమ్‌నూ ఏమీ అడగలేదు. స్నేహితుణ్ణి కాపాడుతున్నాననే అనుకున్నారు. ఆ మౌనంలోని అనుమానం అజీమ్ సాహెబ్‌కు అర్థమై మా గడప తొక్కడం మానేశారు. పిస్తోలు అడక్కుండానే కన్నుమూశారు. మామగారి నుంచి అది నా భర్తకు, ఆయన నుంచి నాకు వచ్చింది.

నిరుడు నా మరిది మార్క్, "నిజాం కాలంనాటిది వదినా, ట్రిగ్గర్ లేకున్నా బంజారా హిల్స్‌ల మస్తు గిరాకి ఉంటది" అని కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. లైసెన్సు లేని ఆయుధం అమ్మడం తప్పని నేను దాన్ని పోలీసులకు అప్పగించాను. వాళ్లు మ్యూజియంలో ఆయుధాల విభాగం చూసి రిటైరైన రామ్మోహనరావు గారిని పిలిపించారు. ఆయన నా ఎదుటే పిస్తోలు వెనక ఉండే చిన్న సుత్తిని, అదే హ్యామర్‌ను, వెనక్కి లాగారు. పొట్టలోంచి ట్రిగ్గర్ టక్కున కిందికి దిగింది. జేబు గుడ్డకు చిక్కుకోకుండా అలా దాస్తారట. తర్వాత గొట్టాన్ని మర తిప్పి ఊడదీసి, టార్చి వేసి చాలాసేపు చూశారు.

"అమ్మా, నిప్పు లోపలికి పోవడానికి ఇక్కడ రంధ్రం ఉండాలండీ. దీనికి వేయనే లేదు. పూడ్చిన గుర్తు కూడా లేదు. ఎవరో మంచి పనివాడు తన పనితనం చూపడానికి చేసిన నమూనా ఇది. ఇందులోంచి గుండు కాదు కదా, పొగ కూడా రాదు" అన్నారు.

ఆయుధం కాదని తేల్చి పోలీసులు నాకు తిరిగి ఇచ్చారు. నేను నేరుగా ఆటోలో జమీలా ఇంటికి వెళ్లాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడిచింది.

"దీన్ని మా పర్‌దాదా, అబ్బాకు తాత, చేసిండంట. సోదాకొచ్చినోళ్లు పేలుతదా లేదా అని చూస్తరా, అందుకే మా అబ్బా మీ ఇంట్ల దాచిండు" అంది. "అబ్బా అందరికీ చెప్పిండు జీవమణీ, ఎవ్వరు నమ్మలె. మీ మామ ఒక్కసారి అడిగితే సాలు, ఇప్పి చూపిస్తుండె. ఆయన అడుగుతడనే సచ్చేదాంక ఎదురుచూసిండు."

ఆ రోజే తీసుకోమన్నాను. "మీ ఇంటి నుంచి మీ మామ వంశపోళ్లే తెచ్చి ఇయ్యాలె" అంది. కాబట్టి ఫేబీ స్వయంగా తీసుకెళ్లి, రెండు చేతులతో ఇవ్వాలి.

4. మామగారి హార్మోనియం మార్క్‌కు చెందాలి. మా ఇంట్లో దాన్ని వాయించగలిగినవాడు అతనొక్కడే. అయితే బళ్లో జమీలాను 'తుపాకోని బిడ్డ' అని మొదట పిలిచిందీ అతనే. పెద్దయ్యాక కూడా హోటళ్లలో కూర్చుని ఆ కథ చెప్పాడు. కనుక ముందు జమీలా ఇంటికి వెళ్లి, ఆమె తండ్రి నిర్దోషి అని తన నోటితో చెప్పాలి. ఏ మాటలు వాడాలో నేను రాయను. అతను చెడ్డవాడు కాదు, వెతుక్కోగలడు. ఆమె చాయ్ ఇస్తే తాగాలి. ఇవ్వకపోతే నొచ్చుకోకుండా లేచి రావాలి. హార్మోనియం ఆ తర్వాతే.

ఇది నేను చదువుకుని, సరిగ్గా ఉందని తృప్తిపడి, కింది ఇద్దరి సమక్షంలో సంతకం చేశాను. జమీలా తానే సాక్షిగా ఉంటానంది. కానీ వీలునామాలో వాటా ఉన్నవాళ్లు సాక్షులుగా ఉండకూడదని వకీలు చెప్పారు.

అమీర్‌పేట, 14 ఆగస్టు 2006

(సం.) జీవమణి

సాక్షులు:
1. రామ్మోహనరావు, పంజాగుట్ట
2. అఫ్షీన్, మా హాస్టల్ పై అంతస్తు