చీటీ మీది మూడు వారాలు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

అందరం కులాసా అని రాయబోయి కలం ఆపాను. అమ్మ బాగుంది, మరదలు బాగుంది. నీ కూతురు బొంగరం మాత్రం కుంటుతూనే ఇల్లంతా తిరుగుతోంది, కూర్చోమంటే నన్నే కసురుతోంది. ఫోన్ చేస్తే నా గొంతును బట్టే విషయం పసిగట్టేస్తావని, మీ సైటుకు వచ్చే డ్రైవరు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

"పరీక్షకని మోకాలి ఎముక ముక్క తీసి వారమైంది, రిపోర్టు రాదేం? నువ్వున్న ల్యాబేగా?" అని కోప్పడ్డావు. ఎముక రాయిలా ఉంటుందిరా. ఆమ్లంలో నానబెట్టి మెత్తబడ్డాకే పలచగా కోయడానికి వీలవుతుంది. నిన్న స్లైడు వచ్చింది.

మన ఇంటి పిల్లది నేను చూడకూడదు. ఉండబట్టలేక మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలు పెద్దవి, ఒకదాని పోలిక మరొకదానికి లేదు. వాటి మధ్య గులాబీ రంగులో పచ్చి ఎముక, ఎవరో తొందరలో అల్లి వదిలేసిన లేసులా. చెడ్డ గడ్డల్లో కనిపించే తీరు అది.

ఎవరిదో చెప్పకుండా మా పెద్ద సారుకిచ్చాను. ఆయన చాలాసేపు చూసి, దాంతో వచ్చిన, ఇంటివాళ్ళు వివరాలు రాసిచ్చే చీటీ చదివారు. "మెట్ల మీద పడింది. నొప్పి మూడు వారాలుగా." మరదలి చేతిరాత.

"విరిగిన ఎముక అతుక్కునేటప్పుడూ ఇలాగే హడావిడిగా కొత్తది పుడుతుందమ్మా. మూడు వారాలేగా, కొన్నాళ్ళు ఆగి చూద్దామా?" అన్నారు.

ఎంత ఆశ పుట్టిందో! ఆగుదాం సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఇక నీ దగ్గర దాచలేను. మరదలు మూడు వారాలని రాసింది నా పరువు కోసం. ఐదు నెలల కిందటే, ఇంకా పడకముందే, బొంగరం మోకాలు నొప్పి అని నా దగ్గరికొచ్చింది. తడిమి చూసి, "ఎదిగే వయసు నొప్పులే, గెంతులు తగ్గించు" అని పంపేశాను. రోజూ ఇవే చూసేదాన్నయ్యుండీ ఒక్క ఎక్స్‌రే తీయించలేదు. అక్క చెప్పిందిగా అని మీరిద్దరూ నిశ్చింతగా ఉన్నారు.

"మూడు వారాలు కాదు సార్, ఐదు నెలలు. పడకముందు నుంచే నొప్పి."

"నీకెలా తెలుసు?"

"మొదట చూసింది నేనే. నా మేనకోడలు."

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. తర్వాత రిపోర్టు రాసి సంతకం చేశారు. క్యాన్సరేరా తమ్ముడూ. కాలు దక్కుతుందో లేదో ఇంకా ఎవరూ చెప్పలేకపోతున్నారు. నాకు చాలా భయంగా ఉంది. పొద్దున బొంగరం, "అత్తా, నా రిపోర్టు నువ్వే చూశావటగా, ఏం లేదుగా?" అంది.

ఉత్తరం తెచ్చిన బండిలోనే వచ్చేయ్. సోమవారం క్యాన్సర్ ఆసుపత్రిలో మందులు మొదలుపెడతారు. నొప్పి ఎప్పటి నుంచని అక్కడి డాక్టరు నిన్నూ అడుగుతారు. నన్ను కాపాడకు.

ఇట్లు,
నీ అక్క