ఒక్కరోజు అధికారిణి హుకుం

హమాసె రేవు,
సెప్టెంబరు 29

ఒక్కరోజు పోలీసు అధికారిణి హిగురె రురికో గారి సముఖానికి,

రేవు వీధిలో టోఫు కొట్టు నడుపుకునే ఓనోదెరా కినుయే నమస్కరించి రాసుకుంటున్నది. ఎండలు తగ్గాయి, సముద్రం గాలి చల్లబడింది. తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇరవై ఒకటో తారీకున రోడ్డు భద్రతా వారోత్సవానికి తమరు మా ఊరు వచ్చారు. మా స్టేషను అసలు అధికారి కుసుమి గారు, ఈ ఒక్కరోజుకూ తమరే అధికారిణి అని ఊరందరి ముందు తమరికి నియామక పత్రం ఇచ్చి, టోపీ పెట్టి, సెల్యూట్ కొట్టారు. ఆ తర్వాత సంతకాల కోసం అందరం అట్టలు పట్టుకుని వరసలో నిలబడ్డాం. నా వంతు వచ్చినప్పుడు నా గోడు చెప్పుకున్నాను. నలభై ఏళ్లుగా తెల్లారగట్ల బూర ఊదుకుంటూ వీధులు తిరిగి టోఫు అమ్ముతున్నాను. వెనకింటికి కొత్తగా వచ్చిన తొకునాగా గారు, బ్యాంకులో చేసి రిటైరయిన మనిషి, నిద్ర పాడవుతోందని ఫిర్యాదు చేశాడు. కానిస్టేబుల్ నాగోషి వచ్చి బూర ఊదొద్దన్నాడు. బూర లేకపోతే నేను వచ్చానని ఎవరికి తెలుస్తుంది?

తమరు నవ్వి, "ఊదండి పెద్దమ్మా, నేను చెబుతున్నాగా" అన్నారు. అట్ట మీద కూడా రాశారు. "కినుయే గారికి. హాయిగా ఊదుకోండి. ఒక్కరోజు పోలీసు అధికారిణి, హిగురె రురికో." కింద తారీకు ఉంది.

మర్నాడు ఊదాను. నాగోషి పరుగెత్తుకొచ్చాడు. అట్ట చూపించాను. "ఒక్కరోజు అధికారి మాట ఒక్కరోజే చెల్లుతుందమ్మా" అన్నాడు. "అయితే ఆ రోజు పుట్టిన పిల్లాడు మర్నాటికి పుట్టనట్టేనా నాయనా?" అని అడిగాను. బుర్ర గోక్కుని వెళ్లిపోయాడు. కాబట్టి తమరి హుకుం ఇంకా చెల్లుతుందని ఒక ముక్క రాసి పంపగలరు.

ఇట్లు,
తమరి ఆజ్ఞలో ఉన్న
కినుయే

తా.క. రేడియోలో తమరి కొత్త పాట విన్నాను. బాగుంది. మధ్యలో ఊపిరి సరిపోయినట్టు లేదు. బూర ఊదడం మొదలుపెడితే సర్దుకుంటుంది.


టోక్యో,
అక్టోబరు 4

కినుయే గారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను, కొంత భయపడ్డాను కూడా. నేను పాటలు పాడే మనిషిని, నాటకాలు ఆడే మనిషిని. ఆ టోపీ రెండు గంటల కోసం అరువిచ్చారు, కారెక్కేముందే తీసేసుకున్నారు. నాకు ఏ అధికారమూ లేదు.

మీతో దాపరికం ఎందుకు? నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఎక్కడికి వెళ్లినా పదిహేడో ఏట పాడిన పాటే పాడమంటారు. కొత్త రికార్డులు కొట్టులోనుంచి కదలడంలేదు. ఇప్పుడు టీవీలో ఒక ఆడ పోలీసు అధికారి సీరియల్ తీయబోతున్నారు, ఆ పాత్రకు నన్ను అనుకుంటున్నారు. అది పోతే నాకు మిగిలేది హోటళ్లలో భోజనాల మధ్య పాడటమే. పోలీసు శాఖ సాయంతో తీస్తారు కాబట్టి వాళ్లకు నామీద చిరాకు రాకూడదు. దయచేసి ఆ అట్టను బీరువాలో పెట్టేయండి.

మీ ఆరోగ్యం జాగ్రత్త.
గాయని, నటి
హిగురె రురికో

తా.క. జ్ఞాపకంగా నా ఫోటో ఒకటి పంపుతున్నాను. దయచేసి దీన్ని దేనికీ వాడకండి.


హమాసె రేవు,
అక్టోబరు 9

పూజ్యులైన అధికారిణి గారికి,

కినుయే వంగి నమస్కరించి రాస్తున్నది. కొండల మీద ఆకులు ఎర్రబడుతున్నాయి. ఫోటో అందింది. తమరు యూనిఫాంలోనే ఉన్నారు గనక అట్ట పక్కన మేకు కొట్టి తగిలించాను. నాగోషి ఇప్పుడు గుమ్మంలోనే టోపీ తీసి లోపలికి వస్తున్నాడు. అధికారం లేదని తమరు రాయడం తమరి వినయం. పెద్ద అధికారులంతా అలాగే అంటారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. నా అట్ట పనిచేసిందని తెలిసి వీధిలో ఎవరి అట్టలు వాళ్లు బయటికి తీశారు. చేపల కొట్టు సెకిగుచికి తమరు "మీ వ్యాపారం విస్తరించాలి" అని రాశారు. అతను బల్లలు రోడ్డు మధ్యదాకా విస్తరించాడు. మంగలి భార్యకు "మీ ఆయన మీ మాట వినాలి" అని రాశారట. పది రోజులుగా ఆ మహానుభావుడు నోరెత్తడంలేదు. గెడ్డం గీసేటప్పుడు కూడా సైగలే.

అసలు చిక్కు తొకునాగా గారిది. ఆయనకు "ప్రశాంతంగా నిద్రపోండి" అని రాశారు. దాన్ని గేటుకి కట్టాడు. అదే తారీకు, అదే సంతకం, అదే కలం. ఒకే అధికారిణి అయ్యుండి నన్ను ఊదమని, ఆయన్ను పడుకోమని రాస్తే ఎలా? నాగోషి రెండు అట్టల మధ్య నిలబడి అటూ ఇటూ చూసి, ఆఖరికి ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కాడు. తమరే తీర్పు చెప్పాలి.

ఇట్లు,
విధేయురాలు
కినుయే

తా.క. వరసలో ఆయన నాకంటే ముగ్గురు ముందున్నాడు. అంటే నాది తర్వాతి హుకుం. తర్వాతిదే చెల్లాలి. ఇది తీర్పును ప్రభావితం చేయడానికి రాయడంలేదు.


టోక్యో,
అక్టోబరు 13

కినుయే పెద్దమ్మకు,

వాతావరణం గురించి రాసే ఓపిక లేదు, క్షమించండి. మీ ఉత్తరం చదివి మా మేనేజరు కుజే గారు కడుపునొప్పి మాత్రలు రెండు ఒకేసారి మింగారు.

ఆ రోజు నూటనలభై అట్టలు రాశాను పెద్దమ్మా. చెయ్యి లాగుతుంటే, ఎదురుగా ఉన్న మనిషిని చూసి తోచింది రాసేశాను. తొకునాగా గారి కళ్ల కింద నల్లగా ఉంటే నిద్రపొమ్మన్నాను. అంతే. ఈ నెలాఖరులో టీవీ వాళ్లు మీ కుసుమి గారిని నా గురించి అడగబోతున్నారు. రోడ్డు భద్రత కోసం వచ్చి రోడ్డు మధ్య చేపలు పెట్టించిందని ఆయన చెప్పారంటే నా పని అయిపోయినట్టే. మీకు చేతులెత్తి మొక్కుతాను, ఆ అట్టలన్నీ పోగుచేసి నాకు పంపేయండి. ఉత్త సంతకాలు చేసి వేరేవి పంపుతాను.

మీ
రురికో

తా.క. నేను అధికారిణిని కాను. కానీ అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆరున్నర దాకా మీరు ఊదకూడదు. ఆరున్నర తర్వాత ఆయన నిద్రపోకూడదు. సెకిగుచి గారి బల్లలు కాలిబాట దాటకూడదు. మంగలి గారు మాట్లాడవచ్చు. ఇది హుకుం కాదు.


హమాసె రేవు,
అక్టోబరు 26

మా అధికారిణి గారికి,

హుకుం అందింది. అమలయింది. బల్లలు వెనక్కి జరిగాయి. మంగలి మాట్లాడుతున్నాడు, ఎందుకు మాట్లాడమన్నారా అని భార్య బాధపడుతోంది. నేను ఆరున్నరకు బూర ఊదేసరికి తొకునాగా గారు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎలాగూ లేపారుగా, ఒక ముక్క ఇవ్వండి" అన్నాడు. ఇప్పుడు రోజూ తీసుకుంటున్నాడు. నిన్న మెత్తగా ఉందని వంక కూడా పెట్టాడు, అంటే అలవాటు పడ్డట్టే.

అట్టలు నూట ముప్పైతొమ్మిది పోగుచేసి మూటకట్టాను. ఇచ్చేటప్పుడు ముగ్గురు ఏడ్చారు. నూటనలభయ్యోది రాలేదు. అది కుసుమి గారి దగ్గర ఉంది. "చాలా శ్రమపడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అని తమరు రాశారట. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క సెలవు పెట్టని మనిషి, ఆ అట్టను బల్ల మీద పెట్టి, భార్యతో వేడినీటి బుగ్గలకు వెళ్లిపోయాడు.

అందుచేత టీవీ ఆయన వచ్చినప్పుడు స్టేషన్లో కుసుమి గారు లేడు. నాగోషి అతన్ని మా కొట్టుకు పంపాడు. ఉన్నదున్నట్టు అంతా చెప్పాను. తమరి ఉత్తరాలు చూపించాను. అధికారులకు రాసేటప్పుడు నకలు ఉంచుకుంటాను గనక నావి కూడా చూపించాను. తమరి గౌరవం పెరుగుతుందనే.

ఇట్లు,
కినుయే

తా.క. టీవీ ఆయన మా ముక్కాలిపీట మీద కూర్చుని చాలాసేపు నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, ఉత్తరాలు ఓ వారం అరువిమ్మన్నాడు. రశీదు రాయించుకుని ఇచ్చాను.


టోక్యో,
నవంబరు 5

పెద్దమ్మా,

ఇక్కడ వాన మొదలైంది, మీ దగ్గరా పడుతోందేమో.

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను భోజనం చేయలేదు. మీమీద కోపం వచ్చింది, అబద్ధమెందుకు. నిన్న టీవీ వాళ్లు పిలిచారు. వెళ్లేసరికి మన ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఆడ పోలీసు సీరియల్ తీయడంలేదని చెప్పారు. కుజే గారు కుర్చీ లేకుండానే కూర్చోబోయారు.

దాని బదులు వాళ్లు తీసేది ఒక టోఫు కొట్టు ఆవిడ కథ. ఊరికి వచ్చిన పాటల అమ్మాయి అట్ట మీద రాసిన ముక్కను పట్టుకుని, పోలీసులందరినీ తిప్పలు పెట్టే మనిషి. ఆ మనిషి పాత్ర నాకిచ్చారు. అంటే నేను మీరవుతాను. వయసు నలభైకి తగ్గించారు, మీరేమీ అనుకోవద్దు.

ఇరవై ఏళ్లుగా నన్ను అందరూ అందంగా నిలబడమనే చెప్పారు పెద్దమ్మా. మొండిపట్టు పట్టమని చెప్పడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చి సంతోషం పట్టలేక ఏడ్చాను. మీ అనుమతి కావాలని వాళ్లు అడుగుతున్నారు. ఇస్తే డిసెంబరులో వచ్చి పది రోజులు మీ దగ్గర పని నేర్చుకుంటాను. సోయా గింజలు కడగడం నుంచి మొదలుపెట్టండి. తప్పు చేస్తే తిట్టండి. అట్టల మూట పంపకండి, ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి.

మీ శిష్యురాలు
రురికో

తా.క. ఈ కథలో ఒక్కరోజు అధికారిణి వేషం పంతొమ్మిదేళ్ల పిల్లకు ఇచ్చారు. "అక్కా, ఆ టోపీ పెట్టుకుని నేను ఏం చేయాలి?" అని అడిగింది. "నవ్వు, చెయ్యి ఊపు, ఎవరేం అడిగినా కలం మాత్రం తియ్యకు" అని చెప్పాను. బుద్ధిగా తలూపి, అదే ముక్క గుర్తుకోసం రాసి సంతకం పెట్టమని అట్ట ముందుకు చాపింది.