పలచబడిన గోడ

1992 ఆగస్టు 6, బాపట్ల

తెనాలి నుంచి ఇప్పుడే వచ్చాం. ఆయన స్నానం చేస్తూ పాట పాడుతున్నారు.

గుంటూరులో తీయించిన గుండె స్కాను చూసి డాక్టరు గారు, "మూడేళ్ళ కిందట మందంగా ఉన్న గుండె గోడ పలచబడిందండి, గుండెలో వినబడే ఆ శబ్దం కూడా తగ్గింది..." అన్నారో లేదో ఈయన కుర్చీలోంచి లేచారు. మిగతా మాట వినే ఓపికేది! వాళ్ళమ్మకు ఫోను చేయాలని వీధిలోకి పరుగు. ఇంకేముంది, రేపల్లె అంతా తెలిసిపోయి ఉంటుంది. అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు.

మిగతా మాట నేను విన్నాను. "ఇది బాగవడం కాదమ్మా. కండరం సత్తువ పోయి పలచబడుతోంది. రక్తం తోసే బలం తగ్గింది." ఎంతకాలం అని అడిగాను. "జబ్బు ఇటు తిరుగుతుందనే ముందుగా కనిపెట్టలేకపోయాను. ఆ బలం ఎంత త్వరగా దిగుతుందో చెప్పలేనమ్మా. పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆగొద్దు, తీసుకొచ్చెయ్యండి."

ఆయనకు తనే చెబుతానన్నారు. వద్దండీ, ఇంటికెళ్ళాక నేను చెబుతాను అన్నాను. పెద్ద మొనగత్తెను!

రైల్లో బజ్జీలు కొనిపెట్టి, "ఇంక భయం లేదే" అన్నారు. తిన్నాను.

ఆగస్టు 8

అత్తయ్య పొద్దున్నే దిగింది. "ప్రభువు ఆలకించాడమ్మాయ్! వీడు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాల్సిందే." పెద్దకొడుకును ఇదే జబ్బుకు పోగొట్టుకున్న మనిషి. ఆవిడ ముఖం ఇంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు... ఎలా చెప్పను?

ఆగస్టు 12

మాత్రలు మానేశారు! "గోడ పలచబడ్డాక ఇంకా మాత్రలెందుకే?" అంట. అరిచాను. "నా సంతోషం నీకు గిట్టదు" అన్నారు. నాకు గిట్టదట! చివరికి వేసుకున్నారు — నా మీద దయతలచినట్టు.

ఆగస్టు 13

ఇవాళా చెప్పలేదు.

ఆగస్టు 17

డాబా మీద బట్టలు తేవడానికి వెళ్తూ మెట్ల మధ్యలో ఆగిపోయారు. "ఏంటలా చూస్తావ్? ఎండ మండిపోతుంటేనూ." మబ్బు పట్టి ఉంది.

ఆగస్టు 19

కూర్చోబెట్టి మొదలుపెట్టాను. "ఆ రోజు మీరు బయటికెళ్ళాక డాక్టరు గారు..."

"తెలుసులే, ఉప్పు తగ్గించమని ఉంటారు." నవ్వేశారు. ఆ నవ్వు చూసి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన మీద కోపం. నా మీద అంతకన్నా.

సాక్ష్యం అయ్యాక చెబుదామా? అప్పుడు అంతమంది ముందు ఆయన చేత అబద్ధం చెప్పించింది నేనే కదా.

ఆగస్టు 22

పాస్టరు గారు వచ్చి వెళ్ళారు. రేపు ఆయన పక్కన నేనూ నిలబడి రెండు మాటలు చెప్పాలట. "అలాగేనండి" అన్నాను. ఏం మాటలు?

ఆగస్టు 23, ఆదివారం ఉదయం

ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. "చెప్పులు పట్టట్లేదే. వానకు తడిసి బిగుసుకున్నట్టున్నాయి."

తొడుగుదామని వంగాను. పాదం మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

"ఏంటి, చక్కిలిగిలి పెడుతున్నావా?"

బైబిలు తెస్తానని లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. అత్తయ్య ఈపాటికి చర్చిలో ముందు వరసలో కూర్చుని ఉంటుంది. ఇప్పుడు బయల్దేరితే తెనాలి బండి దొరుకుతుంది.

మొదటి గంట కొట్టారు. "రావే, మనకోసమే చూస్తుంటారు" అని పిలుస్తున్నారు. వట్టి కాళ్ళతోనే వీధిలోకి దిగినట్టున్నారు.