నాలుగో నంబరు గది

జూన్ 9, సోమవారం

కొత్త ఫైలు. ముంబై కామాటిపుర, ఐదో గల్లీ, శిథిలమైన చాల్ – వరసగా ఒంటిగది ఇళ్లు. ఖాళీ చేయించి పడగొట్టాలి. అంతకన్నా ముందు ఏ గదిలో ఎవరుంటున్నారో జాబితా ఖాయం కావాలి. అందులో పేరుంటే కొత్త బిల్డింగులో గది, లేకపోతే రోడ్డు. ఆ జాబితా మీద అభిప్రాయం రాయాల్సింది మునిసిపాలిటీ వకీలు. అంటే నేను. నేను పుట్టిన చాల్ మీద.

మూడో పేజీ తిప్పాను. గది నం. 4. కిరాయిదారు: నర్సింహులు, కూలీ.

నాన్న పేరు! వేలితో తడిమి చూశాను, పిచ్చిదానిలా. ఈ మునిసిపాలిటీ రోడ్లకే తారు పోసి ఇంటికొచ్చేవాడు. గుమ్మంలో కూర్చుని కాళ్లకు కిరసనాయిలు రాసుకుని తారు వదిలించుకునేవాడు. ఆ వాసన ఉంటేనే నాన్న ఇంట్లో ఉన్నట్టు.

పక్క గడిలో పెన్సిలుతో రాసి ఉంది – ‘ఈ కుటుంబం ఇక్కడ లేదు. ప్రస్తుతం ఉంటున్న బాలమణి దగ్గర ఏ ఆధారమూ లేదు.’

టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చాను.

జూన్ 10

బాలమణి అత్త ఆక్రమణదారట. నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు రాలేదు.

జూన్ 11, బుధవారం

నాకప్పుడు తొమ్మిదేళ్లు. కింద నాలుగులో మేం, పైన పదిహేడులో అత్త. చుట్టం కాదు, పక్కింటి మనిషే, పిలుపుకి అత్త. కట్టే బిల్డింగు మీంచి పడి తుంటి విరిగింది. మెట్లెక్కలేదు. మా గది ఇచ్చేస్తూ అమ్మ ఒక్క మాట అంది – “మా ఖోలీలకు రా వదినా, మేం మీదికి పోతం.”

అరగంట పని. రెండు ట్రంకుపెట్టెలు పైకి, రెండు కిందికి. నేను దిండు ఒక చంకలో, తమ్ముడు రవిని ఒక చంకలో వేసుకుని ఎక్కాను. పైనా కిందా ఒకేసారి పాలు పొంగించారు. గడపలకు పసుపు రాశారు. గల్లీ అంతా చక్కెర పంచారు. అయిపోయింది.

బాండు కాగితం రాయించుకుందామా అని నాన్న నసిగాడు. అమ్మ గయ్యిమంది – “కాయిదం రాస్తే మనుషుల మీద నమ్మకం లేనట్టే గదా!”

మా చాల్లో అందరూ అంతే. కాన్పనీ, పెళ్లనీ, మోకాళ్ల నొప్పులనీ గదులు మారేవి. రసీదుల్లో పాత పేర్లే నడిచేవి. ఎవరికీ పట్టేది కాదు... తర్వాత మేం ఊరి శివార్లలోని డోంబివలీ వెళ్లిపోయాం. పై అంతస్తు ఓ వానకు కూలింది. పదిహేడో గది ఇప్పుడు లేనే లేదు. అత్తకు ఉన్నది ఆ నాలుగొక్కటే.

జూన్ 12

వేరే చాల్ అయితే ఐదు నిమిషాల పని. ‘ఆధారాలు లేనందున పేరు తొలగించవచ్చు.’ కింద సంతకం. ఎన్నిసార్లు రాశాను? వాళ్లలో ఎంతమంది ఇలాగే పాలు పొంగించుకుని గదులు మార్చుకున్నారో ఒక్కరినైనా అడిగానా?

సిగ్గుగా ఉంది. సిగ్గు అనే మాట చాలదు కూడా.

జూన్ 15, ఆదివారం

వెళ్లాను. ఫైలు చేతిలో ఉండగా వెళ్లకూడదు. వెళ్లాను.

గల్లీ ఇరుకైపోయింది – లేక నేనే లావయ్యానో. గదుల ముందు గ్యాలరీకి వెదురు బొంగులు దన్నుపెట్టారు. కుళాయి దగ్గర పిల్లలు మరాఠీలో కొట్టుకుంటున్నారు. మా కాలంలో ఆ కుళాయి దగ్గర తిట్లన్నీ తెలుగే.

అత్త గడపలో కూర్చుని పుంటికూర తెంపుతోంది. “సుజీ!” అంది. మొహం వెలిగిపోయింది. అంతలోనే నా భుజాన ఆఫీసు సంచి చూసింది.

“మీ నాయన పేరు మీదున్నదంట గదా ఖోలీ. తీస్కపోను వచ్చినవా బిడ్డా?”

సంచి వీపు వెనక్కి జరిపాను.

“తీస్కో. నీదే గదా. జర ఈ వానకాలం పొయ్యేదాంక ఉండనియ్యి.”

ఏడ్చాను, గ్యాలరీలో అందరూ చూస్తుండగా. ఆమే కొంగుతో నా మొహం తుడిచి, “చాయ్ తాగు, సల్లారుతది” అంది.

జూన్ 16, సోమవారం

మా పెద్దాఫీసర్ కదమ్ సాబ్‌కు అంతా చెప్పేశాను. ఆదివారం వెళ్లిన సంగతితో సహా. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. గట్టిగానే తిట్టారు. తర్వాత – “వకీల్ కీ సాక్షీదార్? ఏక్ కాయ్ తే ఠరవా, మేడమ్.”

రెంటిలో ఒకటి తేల్చుకోవాలి. వకీలుగా ఉంటే నాకు తెలిసింది నోట్లోంచి రాకూడదు. సాక్షిగా వెళ్తే ఫైలు వదలాలి, సొంత ఆఫీసుకు ఎదురుగా నిలబడాలి.

మన కక్షిదారు మునిసిపాలిటీ కదా సార్, అన్నాను. “మునిసిపాలిటీకి తప్పుడు జాబితా కావాలని ఎవరు చెప్పారు?” అన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు తట్టని ప్రశ్న.

లేచి వస్తుంటే ఇంకో మాట అన్నారు. అమ్మా నాన్నా పోయాక వారసులం మేమిద్దరమే. గది మాకొద్దని రాసివ్వకపోతే నా సాక్ష్యాన్ని ఎవరూ నమ్మరు. నేనూ రాయాలి, రవీ రాయాలి.

జూన్ 17

ఫైలు తిరిగి ఇచ్చేశాను. గది వద్దన్న కాగితం మీద నా సంతకం పెట్టాను. బల్ల బోసిగా ఉంది.

జూన్ 18

ఎందుకో బతుకమ్మ గుర్తొచ్చింది. దాదర్ నుంచి బంతిపూలు గంపలకొద్దీ తెచ్చేవాళ్లు. గల్లీ మధ్యలో ఆడవాళ్లు వలయం కట్టి తిరుగుతుంటే టాక్సీవాళ్లు హారన్ కొట్టి కొట్టి, ఇంజను ఆపేసి దిగి చూసేవాళ్లు. అత్త తిరగలేదు కదా. నాలుగో గది గడపలో కూర్చుని చప్పట్లు కొట్టేది, అందరికన్నా గట్టిగా. ఆ గడప మా అమ్మ ఇచ్చింది. ఎంత గర్వంగా ఉండేదో నాకు.

జూన్ 21, శనివారం

రవికి ఫోన్. సంతకం అడిగితే, వదిలెయ్యమన్నాడు.

“జాఊ దే అక్కా. ముంబైల ఖోలీ ఎవడన్న ఉత్తగ ఇడుస్తడా?”

“అది మనది కాదురా. అమ్మ ఇచ్చేసింది.”

“కాయిదముందా?”

నేను అందరినీ అడిగే ప్రశ్న నన్నే అడిగాడు.

“అత్త యాదికుందా నీకు?”

“ఉంది. అయితే? నా పిల్లలిద్దరు వంటింట్ల పండుకుంటరు. నా ఇల్లు యాదికుందా నీకు?”

వాడిదీ తప్పనలేను. డోంబివలీలో వాడి అద్దె ఇల్లు నేను చూసిందే. కోపం మాత్రం పోలేదు.

జూన్ 30

రవి ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెట్టాను. చూశాడు.

జూలై 4, శుక్రవారం

కోర్టు. జాబితా మీద విచారణ. ఎప్పుడూ నిలబడే చోట కాకుండా సాక్షుల బెంచీ మీద కూర్చున్నాను. మా ఆఫీసు ప్యూన్ అలవాటు కొద్దీ నీళ్ల గ్లాసు తెచ్చి, ఎటు ఇవ్వాలో తెలియక ఆగిపోయాడు.

ట్రంకుపెట్టెలు, పాలు, పసుపు – అన్నీ చెప్పాను. జడ్జిగారు రాసుకున్నారు. గది మీద నాకు హక్కు వద్దన్న కాగితం తీసుకున్నారు. “సోదరుడిది?” అని అడిగారు.

ఇంకా రాలేదు, అన్నాను.

వారం గడువు. అది రాకపోతే జాబితా ఉన్నదున్నట్టే ఖాయం, అత్తకు రోడ్డే.

బయట వాన. అత్త కర్ర పట్టుకుని చూరు కింద నిలబడి ఉంది. లోపల జరిగింది ఇంగ్లిషులో, మరాఠీలో. ఆమెకు అందింది ఒక్కటే.

“రవి సంతకం పెడ్తడు గదా బిడ్డా? చిన్నప్పుడు నా చేతి బువ్వనే తింటుండె వాడు.”

“పెడ్తడత్తా” అన్నాను.

టాక్సీ ఎక్కించి, వెనక్కి తిరిగి, మళ్లీ రవికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది...