గిర్దావరు గారి కంటికి ఆనని రాళ్ళవాన

మహారాజశ్రీ తహసీల్దారు గారి సముఖమునకు,
వరంగల్ జిల్లా, 1949 మే నెల.

అయ్యా,

విషయం: రాళ్ళవానకు పోయిన తాబి (ఎండకాలపు) వరిని మంచి పంటగా రాసినందున ఆగిపోయిన సర్కారు సాయం ఇప్పించుట గురించి.

ధర్మసాగర్ పక్క పల్లెలో రెండెకరాల రైతు రాయమల్లు తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మొన్న చైత్రంలో, రేపో మాపో కోత అనగా, రాళ్ళవాన పడినది. గింజ అంతయు బురదలో కలిసినది. గడ్డి మాత్రము మిగిలినది, అదియు పడుకొని. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు.

2. నష్టం చూచుటకు తమ కచేరీ గిర్దావరు గారు వస్తున్నారని దండోరా వేసే సుంకరి కొమురెల్లి ముందురోజే ఊరంతా చెప్పిపోయెను. అది విని నా భార్య సమ్మమ్మ, "ఇంటికొచ్చే పెద్దమనిషికి పడ్డ చేను చూపెడ్తమా? జర ఇజ్జత్ ఉండాలె" అని, పక్క చేను రాజక్కను వెంటబెట్టుకొని దిగెను. చుట్టం వస్తున్నాడంటే వాకిలి అలుకుతాము గదా, అట్లే ఇద్దరును పడిన దుబ్బులను కలిపి కట్టి నిలబెట్టిరి. నేను వద్దంటిని. అన్నది నేను గనుక ఎవరూ వినలేదు.

3. సదరు గిర్దావరు గారు గట్టు మీదనే నిలబడి చూచిరి. పైరు బారులు తీరి నిలబడి ఉండెను. దిగితే చెప్పులు బురదవునని దిగలేదు. దిగి ఒక్క కంకి నలిపి చూచినా సరిపోయేది.

4. పిమ్మట భోజనము. ఇంట్లో బియ్యం లేవు. వానకాలం నాటుకు కడవలో దాచిన విత్తనపు వడ్లు తీసి సమ్మమ్మ దంచెను. వారు మారు వడ్డించుకొని తినిరి. తినుచుండగా నేను, "దొరా, చేన్ల గింజ లేదు, ఉట్టి గడ్డే" అంటిని. వారు నవ్వి, "గింజ లేకుంటే ఈ అన్నం ఎక్కడిది రాయమల్లూ?" అనిరి. అది విత్తనమని చెప్పుటకు నోరు తెరిచితిని. తింటున్న మనిషికి ఆ మాట చెప్పితే ముద్ద దిగునా? చెప్పలేదు. "పంట మంచిది, రైతు కులాసా" అని రాసుకొని పోయిరి.

5. నాకు తప్ప ఊరిలో అందరికీ సాయం మంజూరైనది. రాజక్కకు కూడ అందినది. ఆమె నా చేను నిలబెట్టిన హడావిడిలో తన చేను అట్లే వదిలెను. రాళ్ళవాన నా గట్టు దాకా వచ్చి తిరిగిపోయినట్లు కచేరీ వారి లెక్క.

6. తొలకరిలోపు తక్కువపడిన విత్తనం దొరకకుంటే ఈ ఏడు నా భూమి సగం బీడు. ఎద్దులను అమ్ముకోవలెను. అమ్మిన రైతు మళ్ళీ కొన్నది నేను చూడలేదు. నాకు భయముగా ఉన్నది అయ్యా.

కావున తమరు స్వయముగా వచ్చి చేనులో దిగి చూచి, సాయం గానీ అందుకు సరిపడు విత్తనం గానీ ఇప్పించగలందులకు, నా మొరను దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
రాయమల్లు (స్వహస్తముతో)

మరిచినది: తమరు వచ్చే రోజు సుంకరితో చెప్పించకండి. ఈ అర్జీ చదివి వినిపిస్తే సమ్మమ్మ మిగతా అంతా విడిచి, "తహసీల్దారు సారే వస్తడా? అంత పెద్దాయనను ఉట్టిగ పంపుతమా?" అన్నది. కడవలో ఇంకా సగం విత్తనం ఉన్నది. రోలు అప్పుడే కడిగి పెట్టినది. తమ కాళ్ళు మొక్కుతాను, తమ ఇంటి దగ్గరే తిని రండి.