అమ్మ తీసేయమన్న శబ్దం

ఓరెబ్రో,
మంచు కరుగుతున్న మార్చి.

అమ్మకు, నీ యుల్వా ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. అక్కడ లూలియోలో నువ్వూ, నీ మోకాలూ పోట్లాడుకోకుండా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఆదివారమే కదా కంప్యూటర్ తెర మీద చేతులు నొప్పెట్టేదాకా మాట్లాడుకున్నాం, మళ్లీ ఈ కాగితం ఎందుకంటావేమో. నీకు గిట్టని మాట వస్తే ఠక్కున కళ్లు మూసుకుంటావు. చెవిటి అమ్మకి పుట్టినదాన్ని, ఆ దెబ్బ నాకు తెలియనిదా! నువ్వు కళ్లు మూసుకున్నాక నా చేతులు ఎంత మొత్తుకున్నా ఏం లాభం? కళ్లు మూసుకుని ఉత్తరం మాత్రం చదవలేవుగా.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నీ అల్లుడు తూరె నడుము నెప్పి తగ్గింది, మూలుగు తగ్గలేదు. నువ్వు పంపిన క్లౌడ్‌బెర్రీ జామ్ వచ్చిన రోజే అయిపోయింది, ఎవరు తిన్నారో అడగకు. డాగ్నీ పిన్ని పోయాక వాళ్లమ్మాయి సెల్లార్‌లోంచి తీసి పంపిన వీడియో క్యాసెట్ల మీద బూజు చాలావరకు పోయింది. వినపడని మీ ఇద్దరికీ ఫోను పనికిరాక, బధిరుల సంఘం కెమెరా అరువు తెచ్చుకుని, దాని ముందు కూర్చుని, నువ్వు పిన్నికి పోస్టులో పంపిన కబుర్లన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. నీ చేతులు ఆ రోజుల్లో ఎంత వేగంగా ఆడేవమ్మా! నువ్వు మన పక్కింటావిడ నడక అనుకరిస్తుంటే నవ్వలేక చచ్చాను.

ఈ పనిలో తొందరపడితే కుదరదు. గంట క్యాసెట్టు ఎక్కాలంటే గంటసేపూ ఆడాల్సిందే. తూరెకి అంత ఓపిక ఎక్కడిది? "ఇంత డబ్బు పోసి కొన్న కంప్యూటర్, ఒక్క గుక్కలో మింగెయ్యలేదా?" అని విసుక్కున్నాడు. "అది నీ కాఫీ అనుకున్నావా? కూర్చుని చూడు," అన్నాను. కూర్చున్నాడు పాపం. ఇప్పుడు నీ కబుర్లు సగం అతనికీ అర్థమవుతున్నాయి.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. బొమ్మ బాగానే ఉంది కానీ, ప్రతి క్యాసెట్టులోనూ ఒకటే గరగర. "యుల్వా, వైరు పోయింది!" అన్నాడు తూరె. కొత్త వైరు తెచ్చాడు. వీసీఆర్ విప్పి హెడ్డు స్పిరిటుతో తుడిచాడు. సాఫ్ట్‌వేర్‌ని నానా తిట్లూ తిట్టాడు. గరగర మాత్రం పోలేదు. అప్పుడు చూశాను: తెర మీద నువ్వు మాట మధ్యలో లేచి వెళ్లి వంటింటి తలుపు వేశావు. గరగర సగానికి తగ్గింది. ఓరి దేవుడా, ఆ శబ్దం క్యాసెట్టుది కాదు, మన వంటింటిది!

అది రేడియో అమ్మా. పిల్లకి చెవులున్నాయి, మాటలు రావాలంటే ఇంట్లో రేడియో మోగుతూ ఉండాలని నర్సు చెప్పిందట కదా. రోజూ పొద్దున్నే నువ్వు దాన్ని పెట్టి, పైన అరచేయి ఆనించి, అదురుతోందని నమ్మకం కుదిరాకే పొయ్యి దగ్గరికి వెళ్లేదానివి. స్టేషను తప్పిపోయినా అది అదురుతుందని నీకు ఎవరు చెప్తారు? నేను చెప్పాల్సింది, కానీ రేడియో అంటేనే గరగర అనుకునే వయసు నాది. తూరె పడీ పడీ నవ్వాడు. "ఆ గరగర విని నేర్చుకున్నావు కాబట్టే నీ గురక అలా ఏడిసింది," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "మీ అమ్మ నీకోసం ఎంత కష్టపడిందే," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నీకు వినపడనిదాన్ని నాకోసం రోజంతా మోగించావు.

ఇక నీ చివరి ప్రశ్న. "శబ్దమంతా తీసేశావా?" అని రాశావు. మే నెలలో సంఘం హాల్లో ఈ బొమ్మలు వేసేటప్పుడు చెవులున్నవాళ్లు కూడా వస్తారనీ, నీ గొంతు ఒక్కరి చెవినా పడకూడదనీ నీ భయం. చిన్నప్పుడు బళ్లో టీచరమ్మ అన్న మాట నువ్వు ఇప్పటికీ మర్చిపోలేదు. "నోరు మూసుకో మైకెన్, వినేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది." ఆ రోజు మూసిన నోరు నువ్వు బజారులో గానీ బస్సులో గానీ మళ్లీ తెరవలేదు.

శబ్దం తీసేయడం ఎంతసేపు! సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ పైన ఒక పట్టీలా, శబ్దం కింద ఆకుపచ్చ గీతలా కనిపిస్తాయి. గీతని పట్టుకుని ఒక్క మీట నొక్కితే చాలు. మీట మీద వేలు పెట్టాను. నొక్కలేదమ్మా. ఆదివారం చేతులతో చెప్పలేకపోయింది ఇదే.

ఈస్టర్‌కి డాగ్నీ పిన్నికి పంపిన క్యాసెట్టు చివర నువ్వు కెమెరా ఆపడం మర్చిపోయావు. ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. తర్వాత జ్వరంతో ఉన్న నన్ను ఎత్తుకొచ్చి అందులో కూర్చున్నావు. నా చెవి నీ గుండెకి ఆని ఉంది. నువ్వు ఊగుతున్నావు. రేడియో గరగర కింద ఇంకో శబ్దం వినిపించింది. లావుగా, ఒకే తీరుగా, ఊపుతో పాటు లేస్తూ పడుతూ. నీ పెదాలు మూసే ఉన్నాయి. అది నీ గొంతు.

నువ్వు అలా పాడుతున్నావని నీకే తెలియదు. నాకూ అది ఎప్పుడో వచ్చిన కల అనిపించేది. కల కాదు. ఇన్నేళ్లూ జబ్బు పడ్డప్పుడల్లా నేను వెతుక్కున్న శబ్దం అదే. ఒళ్లు జలదరించలేదమ్మా, ఆ కుర్చీలో పిల్ల హాయిగా నిద్రపోయింది. ఆ టీచరమ్మ చెప్పింది అబద్ధం.

ఆ క్యాసెట్టు కాపీతో పాటు చిన్న స్పీకరు ఒకటి పంపుతున్నాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని, రేడియో మీద పెట్టినట్టే అరచేయి పెట్టు. ముందు సన్నగా, తెరిపి లేకుండా చీమలు పాకినట్టుండేది రేడియో. కాసేపటికి దాని అడుగునుంచి మెల్లగా వచ్చి ఆగి మళ్లీ వచ్చేది నువ్వు. అంతా అయ్యాక చెప్పు. హాల్లో వద్దంటే అన్ని క్యాసెట్లలోనూ తీసేస్తాను, నీ గొంతు నీ ఇష్టం. ఈ ఒక్క ముక్క మాత్రం నాకు ఉంచు. నాకు వచ్చిన జోలపాట ఇదొక్కటే.

ఇట్లు,
ఆ కుర్చీలో నీ గొంతు వింటూ నిద్రపోయిన నీ కూతురు,
యుల్వా