శుక్రవారం ఇవ్వని నెత్తురు

బొంబాయి

అన్న రాములుకు తమ్ముడు సత్తయ్య శనార్తులు. మోత్కూరులో అమ్మ, వదిన, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం. బాపు కూడా క్షేమమే. ముందు ఈ మాట అమ్మకు వినిపించి, తర్వాత తక్కినది చదువు.

పోయిన ఉత్తరం మిమ్మల్ని ఎంత ఏడిపించిందో నాకు తెలుసు. బాపు మూత్రపు బాధ ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని, రక్తంలో ఏదో ఎంజైము ఎక్కువైంది కాబట్టి ఎముకలకు పాకినట్టుందని రాశాను. "మగ్గం మీది చీర అన్ననే నెయ్యమను, ఇగ నాతోని కాదు" అని బాపు అంటే అదీ రాశాను.

అసలు సంగతి విను. ఆ ఎంజైము పుట్టేది ఆ గ్రంథిలోనేనట. జబ్బు ఎముకల్లోకి పోతే రక్తంలో పెరుగుతుందట. "అదే జబ్బును పాకిస్తదా సారూ?" అని అడిగితే, అది తమకూ ఇంకా తెలియదన్నాడు పెద్ద డాక్టరు. కానీ గ్రంథిని వేలితో నొక్కి చూడకముందే రక్తం తీయాలట. నొక్కితే ఉత్తపుణ్యానికే పెరుగుతుందట. మన బాపు ఊరుకుంటే కదా!

"శుక్రారం పూట చారెడు ఉప్పే బయటికియ్యం, నెత్తురిస్తమా? రేపు తీస్కోండ్రి" అని చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. దాంతో చిన్న డాక్టరు ఆ రోజు నొక్కి చూసి, మర్నాడు రక్తం తీయించాడు. ఈ ముచ్చట నేను చెప్పగానే పెద్ద డాక్టరు నెత్తి కొట్టుకుని, కొన్నాళ్లాగి మళ్లీ రమ్మన్నాడు.

వెళ్తే మళ్లీ శుక్రవారమే! మళ్లీ వద్దంటాడేమో అనుకున్నాను. బాపు తనే చెయ్యి చాపాడు. "తియ్యుండ్రి. లచ్చిమికి కోపమొస్తే మా ఇంటిది మొక్కుకుంటది తీ" అన్నాడు. ఈసారి ఎంజైము మామూలుగానే ఉంది. ఎముకల ఫొటోలు కూడా తేటగా వచ్చాయి. జబ్బు గ్రంథి దాటలేదట, ఆపరేషన్ చేస్తారట. నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

ఇక్కడ వానలు తెగడం లేదు. మిల్లు నుంచి రోజూ తడిసే వస్తున్నాను. నీ మరదలు చేసే రొట్టె తిని, బొంబాయి జొన్నల్లో పస లేదని బాపు రోజూ తగువే. ఎవరైనా ఇటు వస్తే మన జొన్నపిండి, కాస్త చింతపండు పంపు. అమ్మకు, వదినకు మా దండాలు. బాపు ఆపరేషన్‌కు మీ అందరి దీవెన కావాలి.

ముగిద్దామంటే బాపు పక్కనే కూర్చుని ఇది కూడా రాయమంటున్నాడు: "చీర ముట్టొద్దని రాయి. మొదలుపెడితే ఆపుమను. కొంగు నేనొచ్చి నేస్త."

నీ తమ్ముడు
సత్తయ్య